మలయ్ భాషలో నేను, నువ్వు, మనం



మా చిన్నాయన మలేషియాలో పామాయిలు తోట పనికి పోయినాడు. మొదటి వారమే మేస్త్రీని "కౌ" అని పిలిచి తిట్లు తిన్నాడంట. "కౌ" అంటే "నువ్వు". తోటి పనివాళ్లు అట్లే పిలుచుకుంటుంటే విని, అందరికీ అదే చెల్లుతుందనుకున్నాడు పాపం. సెలవుకు వచ్చినప్పుడు ఆయన చెప్పింది నోటుబుక్కులో రాసుకొని ఈ పాఠం రాస్తున్నాను. రేపు మనలో ఎవరు ఏ దేశం పోతారో ఎవరికి తెలుసు?

తెలుగువాళ్లు అక్కడికి పోవడం కొత్త కాదు. బ్రిటిషువాళ్ల కాలంలోనే రబ్బరు, కొబ్బరి తోటల పనికి ఓడలెక్కి పోయినారు. 1955లో మలయా ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. పేరాక్ రాష్ట్రంలో బాగాన్ దాతో వైపు వారి సంతతి ఇప్పటికీ ఉంది.

ఇక పాఠం.

ఉత్తమ పురుష: "సాయా" అంటే నేను. ఎవరి ముందైనా అనవచ్చు. ఇది సంస్కృతం "సహాయ" నుంచి పోయిన మాటే. "ఆకు" అన్నా నేనే! మనకు నవ్వొస్తుంది గానీ, అది స్నేహితుల దగ్గర, ఇంట్లో అనే మాట.

మధ్యమ పురుష: "ఆవాక్", "కాము", "కౌ" మూడూ నువ్వే. సమానులకు, చిన్నవాళ్లకు చెల్లుతాయి. పెద్దలకు ఇవి వద్దు. మగవారైతే "ఎంచిక్", పెళ్లయిన ఆడవారైతే "పువాన్", టీచరైతే "చిక్‌గు" అనాలి. మనం "సారు అన్నం తిన్నారా?" అని అడగడం లేదూ, అట్లే.

ప్రథమ పురుష: "దియా" అంటే అతను, ఆమె కూడా. గౌరవించాలంటే "బెలియావు". "మెరేకా" అంటే వాళ్లు.

క్రియ మారదు. మనం తింటాను, తింటావు, తింటాడు అంటాం. వాళ్లు "సాయా మాకాన్", "దియా మాకాన్" అంటారు, అంతే. "నా పుస్తకం" అనాలంటే "బుకు సాయా". నా అనేది వెనక వస్తుంది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. ఇంగ్లీషులో "వుయ్" ఒక్కటే. తెలుగులో మేము, మనము రెండున్నాయి. మలయ్‌లోనూ రెండే: ఎదుటివాళ్లు కలవకుంటే "కామి", కలిస్తే "కితా". మా సుగాలి భాషలోనూ "హమ్", "ఆపణ్" అని రెండున్నాయి.

హాస్టలుకు వచ్చిన కొత్తలో తాండా మాట నోట్లోంచి వస్తే సిగ్గుపడి చచ్చేవాణ్ణి. చిన్నాయన కామి, కితా చెప్పగానే ఒక్క నిమిషంలో అర్థమయింది. ఎందుకంటే మా అమ్మ నేర్పిన భాషలో ఆ తేడా ముందే ఉంది. ఇంటి భాష అడ్డం కాదు, మెట్టు. చెంచు, యానాది, సుగాలి తమ్ముళ్లారా, మీ ఇంటి మాట మరిచిపోవద్దు.

అభ్యాసం: కామియా, కితానా చెప్పండి.
1. "సార్, మేము అన్నం తిన్నాం."
2. "రండ్రా, మనం ఆడుకుందాం."

జవాబు: 1. కామి. 2. కితా.

ఈ గోడ దగ్గర నిలబడి చదువుతున్న మనమందరం కితా!

– 9వ తరగతి విద్యార్థి