తుపాను సూచికలు – బాటసారులు

హిమము కురియు దేశములలో శీతకాలపు హెచ్చరికలు మంచును గూర్చి వెలువడును. శ్రీకాకుళ, విజయనగర మండలముల వారమగు మనకు ఆశ్వయుజము మొదలు మార్గశిరము వరకు భయమంతయు బంగాళాఖాతము నుండియే. కళింగపట్నము, భీమునిపట్నము రేవులలో ఎగురవేయు సూచికల సంఖ్యలను వార్తలలో వినుచునే యుందుము. వాని అర్థమును మాత్రము విచారింపము.

ఇవి ఓడలవారికై ఏర్పడినవి. 1, 2 దూరసముద్రమందలి అలజడిని, 3, 4 రేవునకు కలుగనున్న ముప్పును తెలుపును. 5, 6, 7 ప్రమాదమును, 8, 9, 10 మహాప్రమాదమును చాటును. ఈ మూడేసి సంఖ్యలలోని భేదము తీవ్రతను గూర్చినది కాదు, త్రోవను గూర్చినది. తుపాను రేవునకు ఏ ప్రక్కగా సాగునో 8, 9 తెలుపగా, రేవు మీదుగనో అతి సమీపముననో దాటునని 10 తెలుపును. 11 అనిన గాలి మరింత పెరిగినదని కాదు, హెచ్చరికల కేంద్రముతో సంబంధమే తెగినదని. పదికన్న పదకొండు పెద్ద గనుక అదియే ఘోరమని వాదించువారు మనలో తక్కువ కారు!

మెట్టదారిని పోవువారికి అసలు చిక్కు గాలి తగ్గిన పిమ్మటనే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. గంటకు 140 నుండి 150 కిలోమీటర్ల గాలికి ఉద్దానపు కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. చెట్లు, విద్యుత్ స్తంభములు దారులకు అడ్డుపడినవి. ఆ పైని వంశధార పొంగినది. ఒడిశా కొండలలో కురిసిన వాన దిగువకు చేరుటకు వ్యవధి పట్టును గదా! కావున ఆకాశము తెరిపి ఇచ్చినదని మూట సర్దుకొనుట కాక, గొట్టా ఆనకట్ట వద్ద నీటిమట్టము తెలిసికొనిన తరువాతనే ఏటి వెంబడి దారి పట్టవలెను.