గడ్డివాము నుంచి మంచుకొండ దాకా

మామిడికాయ కోసే రోజుల్లో మా చాట్రాయి తోటల్లో మొదట నేర్పే పాఠం ఒకటుంది: కాయ నేలమీద పడకూడదు. చిక్కంలో పడిన చిన్నరసం బజారుకు పోతుంది. అదే కొమ్మనుంచి జారి గట్టినేల మీద పడితే అది రాలుకాయ, దాన్ని అడిగేవాడుండడు. ఎత్తు ఒకటే, కాయ ఒకటే, భూమి ఆకర్షణ ఒకటే. మరి తేడా ఎక్కడ వచ్చింది? దీనికి జవాబు మన భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉన్నది గాని, నాకు తలకెక్కింది మాత్రం ఒక మంచు ఆట గురించి చదివినప్పుడు.

సోదర విద్యార్థులకు ముందే మనవి: నేను మంచుకొండ చూసినవాణ్ణి కాను. మా ప్రాంతానికి ఆకాశం నుంచి దిగే మంచు వడగళ్ళే. అవి పడ్డాయంటే కాయకు మచ్చ, రైతుకు దెబ్బ. అయితే కాశ్మీరులో గుల్మార్గ్ దగ్గర, ఆల్ప్స్ పర్వతాల్లో, అమెరికాలోని రాకీ పర్వతాల్లో కాళ్ళకు స్కీలో స్నోబోర్డో బిగించుకుని, అప్పుడే కురిసిన పొడిమంచులో జారుతూ వచ్చి, కొండరాతి అంచుమీద నుంచి గాలిలోకి దూకేవాళ్ళున్నారు. మూడు మీటర్లు, అయిదు మీటర్లు, కొందరు పది దాటి కూడా. చూసినవాళ్ళు పిచ్చి అంటారు. లెక్క వేసి చూస్తే అంత పిచ్చేమీ కాదు.

అయిదు మీటర్ల ఎత్తు తీసుకుందాం. గాలి అడ్డు వదిలేస్తే కింద తగిలేటప్పటి వేగం సెకండుకు సుమారు 10 మీటర్లు, అనగా గంటకు 36 కిలోమీటర్లు. ఈ వేగం మనిషిని ఏమీ చెయ్యదు. మోటారు సైకిలు మీద రోజూ ఇంతకన్నా ఎక్కువ వేగంతోనే పోతున్నాం. దెబ్బ అంతా ఆగడంలో ఉంది. పడిన ఎత్తును ఆగే దూరంతో భాగిస్తే, మన వేగాన్ని హరించే త్వరణం గురుత్వ త్వరణానికి సగటున ఎన్ని రెట్లో వస్తుంది. గట్టినేల మీద కాళ్ళు కర్రల్లా బిగదీసి 5 సెంటీమీటర్లలో ఆగితే 100 రెట్లు. మోకాళ్ళు వంచుతూ అర మీటరులో ఆగితే 10 రెట్లు. మీటరు లోతు మెత్తటి మంచులోకి దిగుతూ ఆగితే 5 రెట్లు. చిక్కం చేసే పని ఇదే.

మంచులో ఇంకో ఉపకారం కూడా ఉంది, అదే అసలైనది. వాళ్ళు చదునైన చోట దిగరు, వాలు మీద దిగుతారు. దిగేటప్పటి వేగాన్ని రెండు అంశలుగా విడదీయాలి: వాలు వెంబడి ఒకటి, వాలుకు లంబంగా ఒకటి. (ఈ విభజన లెక్కలో నాకు క్వార్టర్లీలో సగం మార్కులే వచ్చాయి, అది వేరే సంగతి.) వాలు వెంబడి ఉన్న అంశ జారుడుగా సాగిపోతుంది, ఎవరినీ బాధించదు. లంబంగా ఉన్నదే ఎముకల మీద పడుతుంది. 40 డిగ్రీల వాలు మీద తిన్నగా కిందికి పడితే ఆ అంశ 7.7 మీటర్లు, అయిదు మీటర్ల దూకు మూడు మీటర్ల దూకుతో సమానమైంది. అంచు దాటేటప్పుడు సెకండుకు 5 మీటర్ల అడ్డవేగం కూడా ఉంటే ఆ అంశ ఇంచుమించు నాలుగున్నరకు తగ్గుతుంది. అనగా అయిదు మీటర్ల ఎత్తు నుంచి దూకినవాడికి తగిలేది మీటరు గట్టుమీద నుంచి దూకినంత దెబ్బే!

ఈ లెక్క చూసి నేను మురిసిపోయాను. మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మా బాబాయి కొడుక్కి బొమ్మ గీసి చూపించాను. వాడికి చూపించడానికి కారణం ఉంది. నాకు పదమూడేళ్ళు, వాడికి పదకొండు ఉన్నప్పుడు పశువులపాక మీదనుంచి గడ్డివాము పక్కన రాలిన గడ్డిలోకి దూకడం మా వేసవి ఆట. ఆవేళ ముందు నేను దూకి, "ఏం కాదు, దూకరా" అన్నాను. వాడు నాకు రెండు గజాలు ఎడంగా దూకాడు. అక్కడ గడ్డికింద పాత బండి కాడి ఉంది. మడమ ఎముక విరిగింది. ఇప్పటికీ ఎక్కువసేపు నిలబడితే కాలు లాగుతుందంటాడు. తోటలో చెట్టెక్కే పని వాడికి ఎవరూ చెప్పరు. బొమ్మంతా చూసి వాడు ఒక్కటే అడిగాడు: "ఇందులో కాడి ఎక్కడుంది, అన్నయ్యా?"

నేను వెయ్యలేదు. పొడిమంచు కింద అలాంటి కాడులు చాలానే ఉంటాయి: రాళ్ళు, మొద్దులు, పడిపోయిన మానులు. పైకి అంతా తెల్లగానే కనిపిస్తుంది. అందుకే ఆరితేరినవాళ్ళు దూకే చోటును కిందనుంచి గాని, ఎదుటి వాలు నుంచి గాని వెతుకుతారట. అంచు దగ్గర నిలబడితే దిగే చోటు కనబడదు. కిందనుంచి చూస్తే రాయి అడుగు ఎంత ముందుకు పొడుచుకు వచ్చిందో, దిగిన తరువాత జారిపోవడానికి చెట్లులేని బారు ఉన్నదో లేదో తెలుస్తుంది. పైకి వెళ్ళాక అంచులన్నీ ఒకేలా ఉంటాయి గనుక ఒక చెట్టునో బండనో గుర్తు పెట్టుకుంటారు. పక్కనుంచి వెళ్ళి పొడవాటి కడ్డీ గుచ్చి లోతు చూస్తారు. ముందు ఎవరో దూకిన చోట గుంట పడి మంచు గట్టిపడి ఉంటుంది. అక్కడ మళ్ళీ దూకరు. ఎండకు కరిగి రాత్రి గడ్డకట్టిన మంచును మెత్తనిదని నమ్మరు.

దూకడంలో పెద్ద రహస్యం లేదు. వేగం తక్కువైతే స్కీ వెనకభాగం రాతికి తగులుతుంది, ఎక్కువైతే వాలు దాటి చదునులో పడతారు. గాలిలో మోకాళ్ళు ముడిచి, చేతులు ముందుకు పెట్టి, దిగే చోటు మీదే చూపు ఉంచాలి. తాకబోయే ముందు కాళ్ళు చాచి, తాకుతూనే మళ్ళీ ముడవాలి. లోతు మంచులో ముందుకు వాలితే స్కీ మొనలు దిగబడి మనిషి పల్టీ కొడతాడు. స్నోబోర్డులో రెండు పాదాలూ ఒకే పలకకు కట్టి ఉంటాయి గనుక పలక ముందుభాగం కాస్త ఎత్తి ఉంచాలి. మొదలు పెట్టేది మాత్రం మీటరు గట్టుతోనే.

ఇక మిగిలిన చిక్కు ఈ వాలుతోనే. దిగడానికి మేలైన 30 నుంచి 45 డిగ్రీల వాలే మంచుచరియలు ఎక్కువగా విరిగిపడే వాలు కూడా. జేమీ పియర్ అనే అమెరికన్ స్కీయర్ 2006 జనవరిలో వయోమింగ్ రాష్ట్రంలోని గ్రాండ్ టార్గీ దగ్గర 255 అడుగుల అంచు నుంచి దూకి, తలకిందులుగా మంచులో కూరుకుపోయి, స్నేహితులు తవ్వితే బతికి బయటికి వచ్చాడు. అతణ్ణి 2011 నవంబరులో యూటాలో మంచుచరియ చంపింది. మన గుల్మార్గ్‌లో 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ దేశపు స్కీయర్లు అలాగే పోయారు. అందుచేత అక్కడికి పోయేవారు మంచుకింద మనిషి జాడ తెలిపే రేడియో పరికరం, కడ్డీ, పార మనిషికొకటి చొప్పున వెంట ఉంచుకుంటారు. ఆనాటి మంచు పరిస్థితి కనుక్కుని గాని బయలుదేరరు. వాలు మీదికి ఒక్కొక్కరే దిగుతారు. మిగతావాళ్ళు చరియ దారికి ఎడంగా నిలబడి, దిగినవాడు పక్కకు తప్పుకునే దాకా అతని మీదనుంచి చూపు తిప్పరు.