దూరం తక్కువ, టైమెందుకు ఎక్కువ?

ప్రశ్న: కడప నుంచి గన్నవరానికి ఆకాశ మార్గాన దాదాపు 310 కిలోమీటర్లే అంటున్నారు. చిన్న విమానమైనా గంటకు 500 కిలోమీటర్లు పోతుంది కదా! టికెట్‌లో గంటకు పైగా ఎందుకు చూపిస్తారు? మధ్యాహ్నం రెండింటికి విజయవాడలో పనుంది.
– ఓ పాఠకుడు, కడప

జవాబు: మీరు వేసిన లెక్క గాల్లో పూర్తి వేగంతో సాగే భాగానికే సరిపోతుంది. టికెట్‌లో వేసే సమయం విమానం ఆగిన చోటు నుంచి కదిలినప్పటి నుంచి, అవతల మళ్లీ ఆగేదాకా. రన్‌వే దాకా నెమ్మదిగా వెళ్లడం, పైకెక్కడం, దిగేముందు వేగం తగ్గించి రన్‌వేకి ఎదురుగా తిరగడం అన్నీ అందులోవే. దూరం తక్కువైనా వీటికి పట్టే సమయం పెద్దగా తగ్గదు.

మీరిలా చేయండి:
• బయల్దేరే వేళకు గంటన్నర ముందే విమానాశ్రయంలో ఉండండి.
• గన్నవరం నుంచి నగరంలోకి సుమారు 20 కిలోమీటర్లు. బ్యాగులకు, ట్రాఫిక్‌కు కలిపి గంట వేసుకోండి.
• పన్నెండు లోపు దిగే విమానమే చూసుకోండి.
• నేరుగా సర్వీసు లేని రోజున మధ్యలో మారాల్సివస్తే రెండు ప్రయాణాలూ ఒకే టికెట్‌పై తీసుకోండి.

వెంట ఇటీవల ఆపరేషన్ అయినవారో, ఆక్సిజన్ అవసరమైనవారో ఉంటే టికెట్ కొనకముందే డాక్టర్‌ను అడిగి, విమాన సంస్థకు ఫోన్ చేయండి.