ఒక్క బెంచీ – ఎన్ని వరుసలు?

పిల్లలూ! ఈ నెల పాఠం ఒక తగాదాతో మొదలవుతుంది.

మా ఎనిమిదో తరగతి గదిలో గోడను ఆనుకుని ఒక బెంచీ ఉంది. దానిమీద నలుగురు కూర్చుంటారు. గోడపక్క చోటంటే ఎవరికీ ఇష్టం లేదు. అక్కడికి గాలి రాదు. పైగా అక్కణ్ణించి చూస్తే బోర్డు మెరుస్తుంది, అక్షరాలు కనబడవు. అందుకని నేనొక ఏర్పాటు చేశాను: "రోజుకొక వరుసలో కూర్చోండి. ఒకసారి కూర్చున్న వరుసలో మళ్ళీ కూర్చోవద్దు. వరుసలన్నీ పూర్తయితే అందరికీ న్యాయం జరుగుతుంది" అన్నాను.

ఆ నలుగురి పేర్లు మనకెందుకు? క, చ, ట, త అనుకుందాం. వాళ్ళలో 'త' కాగితం తీసుకుని, తోచిన వరుసలన్నీ రాశాడు. మొత్తం 22 వచ్చాయి. మర్నాడే మిగతా ముగ్గురూ నా దగ్గరికి వచ్చారు. "మాస్టారూ! గోడపక్కన మాకు ఆరేసి రోజులు వచ్చాయి, వీడికి నాలుగే వచ్చాయి!" అన్నారు. 'త' కళ్ళనీళ్ళు పెట్టుకుని, "నేను కావాలని చెయ్యలేదు మాస్టారూ, ఇంకేమీ లేవు, అన్నీ రాసేశాను" అన్నాడు.

నిజంగా అన్నీ రాశాడా? ఒక జాబితా పూర్తయిందో లేదో తెలుసుకోవడం ఎలా? రండి, చూద్దాం.

కూడాలా? గుణించాలా?

మీ ఊరినుంచి తెనాలికి బస్సులోగాని, ఆటోలోగాని, సైకిలు మీదగాని వెళ్ళవచ్చు. తెనాలినుంచి విజయవాడకు రైలుంది, బస్సుంది. మీ ఊరినుంచి తెనాలిమీదుగా విజయవాడకు ఎన్ని విధాలుగా వెళ్ళవచ్చు?

బస్సులో తెనాలి చేరినవాడికి అక్కణ్ణించి రెండు మార్గాలు. ఆటోలో చేరినవాడికీ రెండే. సైకిలు మీద చేరినవాడికీ రెండే. అంటే 2 + 2 + 2. దీన్నే 3 × 2 = 6 అని రాస్తాం. ఒక పని 3 విధాలుగా, ఆ తరువాతి పని 2 విధాలుగా చెయ్యగలిగితే, రెండూ కలిపి 3 × 2 విధాలుగా చెయ్యవచ్చు. ఇదే లెక్కింపులో మూలసూత్రం.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. లైబ్రరీలో మీకు నచ్చిన కథల పుస్తకాలు 5, సైన్సు పుస్తకాలు 4 ఉన్నాయి. ఒకే పుస్తకం తీసుకోవాలంటే 5 + 4 = 9 విధాలు. కథల పుస్తకం ఒకటి, సైన్సు పుస్తకం ఒకటి తీసుకోవాలంటే 5 × 4 = 20 విధాలు. "ఇదిగాని, అదిగాని" అంటే కూడాలి. "ఇదీ, అదీ" అంటే గుణించాలి. లెక్క చేసేముందు ప్రశ్నలో ఏముందో ఒకసారి పైకి చదువుకోండి.

బెంచీ లెక్క

ఇప్పుడు మన బెంచీ దగ్గరకు వద్దాం. గోడపక్క చోటుతో మొదలుపెడదాం. అక్కడ నలుగురిలో ఎవరైనా కూర్చోవచ్చు: 4 విధాలు. ఒకరు కూర్చున్నాక రెండో చోటుకు మిగిలింది ముగ్గురు. మూడో చోటుకు ఇద్దరు. చివరి చోటుకు ఒక్కరే. కాబట్టి మొత్తం వరుసలు

4 × 3 × 2 × 1 = 24

కొందరు 4 × 4 × 4 × 4 = 256 అంటారు. అలా అయితే ఒకే పిల్లవాడు నాలుగు చోట్లా ఒకేసారి కూర్చోగలగాలి! మనుషులకు అది కుదరదు.

ఉండవలసినవి 24, రాసినవి 22. రెండు తప్పిపోయాయన్నమాట. అవి ఎక్కడున్నాయి? గోడపక్క ఒకరిని కదలకుండా కూర్చోబెడితే, మిగతా ముగ్గురూ 3 × 2 × 1 = 6 విధాలుగా కూర్చోవచ్చు. కనుక ప్రతివాడికీ గోడపక్కన సరిగ్గా ఆరు రోజులు రావాలి. 'త'కు నాలుగే వచ్చాయి. కాబట్టి తప్పిపోయిన రెండూ 'త'తో మొదలయ్యే వరుసలే. ఈసారి ఒక క్రమంలో రాద్దాం:

తకచట, తకటచ
తచకట, తచటక
తటకచ, తటచక

జాబితాతో పోల్చి చూస్తే తచటక, తటకచ అనే రెండూ అందులో లేవు. 'త' మోసం చెయ్యలేదు. తోచినట్టు రాయడంవల్ల వచ్చిన పొరపాటది. మిగతావాళ్ళు కూడా ఆ మాట ఒప్పుకున్నారు.

ఫాక్టోరియల్

4 × 3 × 2 × 1 వంటి గుణకారాన్ని ప్రతిసారీ రాయడం విసుగు. అందుకని 4! అని రాసి, 'నాలుగు ఫాక్టోరియల్' అని చదువుతారు. తెలుగులో దీన్ని క్రమగుణితం అంటారు. ఈ ఆశ్చర్యార్థకం గుర్తును 1808లో క్రిస్టియన్ క్రాంప్ అనే గణితవేత్త వాడుకలోకి తెచ్చాడు. గుర్తుకు తగ్గట్టు, ఇది పెరిగే తీరు ఆశ్చర్యంగానే ఉంటుంది:

3! = 6
4! = 24
5! = 120
6! = 720
10! = 36,28,800

బెంచీమీద ఆరుగురుంటే? బడి ఏడాదికి 220 రోజులు జరిగితే, ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు కలిపి 660 రోజులు. పదో తరగతి అయిపోయినా ఇంకా 60 వరుసలు మిగిలే ఉంటాయి! పదిమంది అయితే సెలవు లేకుండా రోజుకొక వరుస చొప్పున 9,900 ఏళ్ళకు పైగా పడుతుంది.

మన భాస్కరాచార్యుడు

ఈ లెక్కలు మనకు కొత్తవి కావు. భాస్కరాచార్యుడు 1150 ప్రాంతంలో రచించిన 'లీలావతి'లో అంకపాశం అనే భాగం ఉంది. విష్ణువు తన నాలుగు చేతుల్లో శంఖ, చక్ర, గదా, పద్మాలను మార్చి మార్చి పట్టుకుంటే ఎన్ని రూపాలు వస్తాయి? జవాబు 24. కేశవ, నారాయణ, మాధవ అంటూ పెద్దలు చెప్పే కేశవనామాలు కూడా ఇరవైనాలుగే. శిల్పాల్లో ఆ మూర్తులను ఆయుధాల క్రమాన్ని బట్టి గుర్తిస్తారు. శివుడి పది చేతుల్లో పది వస్తువులయితే? ఆ లెక్కకూడా అందులోనే ఉంది: 36,28,800.

ఇలాంటి వరుసలను గణితంలో ప్రస్తారాలు అంటారు. ఈ మాట ఛందస్సునుంచి వచ్చింది. గురు లఘువులను ఒక క్రమంలో పరిచి, ఏ ఒక్కటీ వదలకుండా రాయడమే అక్కడ ప్రస్తారం. మూడక్షరాల్లో ప్రతిదీ గురువో లఘువో కావచ్చు. కనుక 2 × 2 × 2 = 8. తెలుగు పాఠంలో మీరు నేర్చుకునే య, మ, త, ర, జ, భ, న, స గణాలు ఎనిమిదే ఎందుకున్నాయో తెలిసిందిగా! గురువు తరువాత మళ్ళీ గురువు రావచ్చు కనుక ఇక్కడ 2 తగ్గలేదు. బెంచీ లెక్కకు, దీనికి తేడా అదే.

మూడంకెల సూట్‌కేసు తాళం చూడండి. అంకెలు మళ్ళీ రావచ్చంటే 10 × 10 × 10 = 1,000. రాకూడదంటే 10 × 9 × 8 = 720. పదింటిలోంచి మూడే తీసుకున్నాం కాబట్టి 10!లో మొదటి మూడు సంఖ్యల దగ్గరే ఆగాం. అంటే 10!ని 7!తో భాగించామన్నమాట.

మీరూ చెయ్యండి

1. 'గుంటూరు'లోని మూడక్షరాలను ఎన్ని వరుసల్లో రాయవచ్చు?
2. 'పాపాయి'లోని మూడక్షరాలను? తొందరపడకండి, రాసి చూడండి.
3. పరుగుపందెంలో 8 మంది ఉన్నారు. మొదటి, రెండో, మూడో బహుమతులు ఎన్ని విధాలుగా రావచ్చు?

జవాబులు: 1) 6. 2) రెండు 'పా'లకూ తేడా లేదు కనుక 3 మాత్రమే. 3) 8 × 7 × 6 = 336.

అన్నట్టు, మా బెంచీ జాబితా ఇప్పుడు గోడమీద అంటించి ఉంది. అందులో 24 వరుసలున్నాయి. చివరి రెండూ 'త' తన చేత్తోనే రాశాడు.