దానమిచ్చే ఫోన్‌ను ముందు సిద్ధం చేద్దాం

దుప్పట్లు, నోటు పుస్తకాలు, కుట్టు మిషన్లతో పాటు ఈ మధ్య మన దాతలు ఇస్తున్న వస్తువుల్లో స్మార్ట్‌ఫోన్ కూడా చేరింది. కొందరు కొత్తది కొని ఇస్తారు. ఎక్కువ మంది తాము రెండు మూడేళ్లు వాడి, ఇంకా బాగానే పనిచేస్తున్న ఫోన్‌ను ఇస్తారు. 2020లో బడులు మూతపడి పాఠాలు ఆన్‌లైన్‌కు మారినప్పుడు ఈ అవసరం అందరికీ తెలిసివచ్చింది. ఇంటికి ఒక్కటే ఫోన్. అది తండ్రితో పాటు పోర్టు డ్యూటీకో, ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు పనికో వెళ్లిపోయేది. పిల్లలకు పాఠం రాత్రి తొమ్మిదికి మొదలయ్యేది.

దుప్పటి ఇచ్చిన క్షణం నుంచే కప్పుకోవచ్చు. ఫోన్ అలా కాదు. ఎవరి చేతికి వెళ్తోందో వారి చూపుకు, వారి భాషకు, వారి అవసరానికి తగ్గట్టు సర్దకపోతే దానివల్ల సగం ఉపయోగమే ఉంటుంది. ఒక్కోసారి నష్టం కూడా జరుగుతుంది. పాతిక వేలు పెట్టి కొన్న ఫోన్‌లో ఆటలు తప్ప ఏమీ లేకపోవడం, ఆరు వేల ఫోన్‌తో ఒక అమ్మాయి ఇంటర్ పాఠాలన్నీ పూర్తి చేయడం రెండూ తరగతి గదిలో ఉన్నవాళ్లు చూస్తూనే ఉంటారు. తేడా ధరలో లేదు, సర్దడంలో ఉంది. ఆ సర్దుబాటు గురించే ఈ వ్యాసం.

ముందుగా పాత ఫోన్ ఇచ్చేవారితో ఒక మాట. మీ ఫోటోలు, కాంటాక్టులు వేరే చోట దాచుకోండి. బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌ల నుంచి బయటకు రండి. సిమ్, మెమరీ కార్డు తీసేయండి. ఆ తర్వాత చాలామంది నేరుగా ఫ్యాక్టరీ రీసెట్ చేసేస్తారు. చిక్కు ఇక్కడే ఉంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 నుంచి, దొంగిలించిన ఫోన్ ఎవరికీ పనికిరాకుండా ఉండేందుకు ఒక తాళం పెట్టారు. గూగుల్ ఖాతాను తీయకుండా పక్కనున్న బటన్లు నొక్కి రీసెట్ చేస్తే, ఫోన్ మళ్లీ తెరిచినప్పుడు ఆ పాత ఖాతా పాస్‌వర్డే అడుగుతుంది. దాత దుబాయ్‌లో ఉంటారు, ఫోన్ పెదగంట్యాడలో ఉంటుంది. పాస్‌వర్డ్ దాతకే గుర్తుండదు. ఫోన్ పేపర్ వెయిట్‌గా మిగిలిపోతుంది. అందుకని సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కు వెళ్లి ముందు మీ ఖాతా తీసేయండి, తర్వాత అక్కడి నుంచే రీసెట్ చేయండి. ఐఫోన్ అయితే 'ఫైండ్ మై' ఆపి, ఐక్లౌడ్ నుంచి సైనౌట్ కావాలి. ఐదు నిమిషాల పని.

సెకండ్ హ్యాండ్‌లో కొని ఇచ్చేవారు ఇంకొకటి చూడాలి. ఫోన్‌లో *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. కె వై ఎం అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, ఒక ఖాళీ, తర్వాత ఆ నంబరు టైపు చేసి 14422కు మెసేజ్ పంపితే ఆ ఫోన్ వివరాలు వస్తాయి. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీలోనూ ఇదే చూసుకోవచ్చు. పోయిన ఫోన్‌గా ఎవరైనా ఫిర్యాదు చేసి బ్లాక్ చేయించి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. దొంగ సొత్తు అని తెలియక కొని, పుణ్యానికి ఇచ్చి, తీసుకున్న పేద పిల్లవాడిని పోలీస్ స్టేషన్ మెట్లు ఎక్కించకూడదు కదా. మరీ పాత ఫోన్లు ఇవ్వడం కూడా మంచిది కాదు. 2025 జనవరి నుంచి ఆండ్రాయిడ్ 4.4 ఉన్న ఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. బ్యాటరీ ఉబ్బిన ఫోన్‌ను ఎవరికీ ఇవ్వవద్దు.

ఇక తీసుకునేవారి వైపు నుంచి చూద్దాం. మన ఇళ్లలో భాష సంగతి కొంచెం ప్రత్యేకం. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బడిలో చదివింది తెలుగు. చాలా ఇళ్లలో తల్లులు తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదవగలరు గాని ఉర్దూ లిపి అంతగా రాదు. ఉర్దూ వాళ్లే కదా అని ఫోన్ భాషను ఉర్దూకు మార్చేస్తే స్క్రీన్ మొత్తం కుడి నుంచి ఎడమకు తిరిగిపోతుంది, గుర్తులన్నీ చోట్లు మారతాయి, ఆమె మరింత కంగారు పడుతుంది. కాబట్టి వారు ఏ భాష మాట్లాడతారని కాకుండా ఏ భాష చదవగలరని అడగండి. తెలుగు అంటే ఫోన్ భాష తెలుగుకు మార్చండి. కీబోర్డులో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ పెట్టవచ్చు. జీబోర్డులో ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు పడే పద్ధతి కూడా ఉంది, పిల్లలకు అది సులువు. 2017 నుంచి గూగుల్‌లో తెలుగు, ఉర్దూ రెండూ నోటితో చెబితే టైపు అవుతున్నాయి. కాకపోతే మన ఉర్దూ దక్కనీ కలిసిన ఉర్దూ. యంత్రం మన మాట విని తనకు తోచింది రాస్తుంది! పెద్దవాళ్లకు వాయిస్ మెసేజే హాయి.

యాభై దాటినవారికి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు రెండు మెట్లు పెంచి ఇవ్వాలి. ముఖ్యమైన నలుగురి నంబర్లను వారి ఫోటోలతో మొదటి స్క్రీన్ మీద పెట్టండి. చదవడం రాని అమ్మమ్మ కూడా కొడుకు ముఖం మీద వేలు పెట్టి ఫోన్ చేస్తుంది. ఎమర్జెన్సీ సమాచారంలో రక్తం గ్రూపు, వాడుతున్న మందులు, ఇంటివారి నంబరు నింపితే, ఫోన్ తాళం వేసి ఉన్నా 108 సిబ్బంది చూడగలుగుతారు. చూపు బాగా తగ్గినవారికి ఆండ్రాయిడ్‌లోనే టాక్‌బ్యాక్ ఉంది. వేలు పెట్టిన చోట ఏముందో అది చదివి చెబుతుంది. అలవాటు కావడానికి వారం పైనే పడుతుంది, పక్కన ఒకరు ఓపికగా కూర్చోవాలి.

వాట్సాప్‌లో స్టోరేజ్ అండ్ డేటాకు వెళ్లి ఫోటోలు, వీడియోలు వాటంతట అవి దిగకుండా ఆపేయండి. 32 జీబీ ఫోన్ నెలకే నిండిపోవడానికి శుభోదయం బొమ్మలే కారణం. ఎవరు పడితే వారు గ్రూపుల్లో చేర్చకుండా గ్రూప్స్ సెట్టింగ్‌ను 'మై కాంటాక్ట్స్'కు మార్చండి. టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టించండి.

విద్యార్థి ఫోన్ వేరేగా ఉండాలి. నా లెక్కలో పదో తరగతి పిల్లలకు ఆరేడు యాప్‌లు చాలు. మొదటిది దీక్ష. 2017 సెప్టెంబరు 5న మొదలైన ఈ యాప్ పాఠ్యపుస్తకాలకు తోడుగా ఉంటుంది. పుస్తకంలో ఉన్న క్యూఆర్ కోడ్‌కు కెమెరా చూపిస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, ప్రశ్నలు తెరుచుకుంటాయి. వైఫై ఉన్నచోట దించి పెట్టుకుంటే ఇంట్లో డేటా లేకపోయినా చూడవచ్చు. ఈ సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. రెండోది డిజిలాకర్, 2015 నుంచి ఉంది. మార్కుల మెమో, ఆధార్ వంటివి జారీ చేసిన సంస్థ నుంచే నేరుగా వస్తాయి కాబట్టి వాటికి అసలు పత్రాలతో సమానమైన చెల్లుబాటు ఉంది. అద్దె ఇళ్లు మారేవారికి, వానకు కాగితాలు తడిసిపోయేవారికి ఇది ఎంత మేలో చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఊరి మీద పడినప్పుడు రేకుల ఇళ్లవారు బట్టలతో పాటు సర్టిఫికెట్ల సంచులు కూడా ఎండబెట్టుకున్నారు. అయితే స్కాలర్‌షిప్పు అయినా, డిజిలాకర్ అయినా ఓటీపీ వచ్చేది ఆధార్‌తో జతచేసిన నంబరుకే. ఫోన్ ఇచ్చేటప్పుడు ఆ పాత సిమ్‌నే అందులో వేయించండి. మోజుగా కొత్త నంబరు తీసుకుంటే దరఖాస్తు సగంలో ఆగిపోతుంది.

వీటికి తోడు ఒక నిఘంటువు, పీడీఎఫ్ చదివేది, వాతావరణ శాఖ వారి మౌసమ్, పిడుగుల హెచ్చరికకు దామిని ఉంటే సరిపోతుంది. సముద్రం ఒడ్డున ఉన్నవాళ్లం, ఈ చివరి రెండూ మనకు వట్టి అలంకారాలు కావు. సెట్టింగ్స్‌లో వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్ కూడా ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. ప్రభుత్వ కార్యాలయం పనులకు కొత్త యాప్ అక్కరలేదు. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన 'మన మిత్ర' వాట్సాప్‌లోనే పనిచేస్తుంది. సర్టిఫికెట్లు, బిల్లులు వంటివి చాలావరకు అందులోనే అడగవచ్చు. తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇల్లయితే ఒక విషయం అడిగి తెలుసుకోండి. యూఏఈలో వాట్సాప్ కాల్స్ కుదరవు కాబట్టి అక్కడివారు బోటిమ్ వాడతారు. ఆ ఒక్క యాప్ లేకపోతే మిగతావన్నీ ఉన్నా ఆ ఇంటికి ఫోన్ ఉన్నట్టు కాదు.

ఆటలు పూర్తిగా తీసేయాలా అని తల్లులు అడుగుతుంటారు. తీసేసినా పిల్లలు మళ్లీ వేసుకుంటారు. ఫ్యామిలీ లింక్‌తో రోజుకు ఇంతసేపని పెట్టి, ఆ సంగతి పిల్లలకు ముందే చెప్పడం మేలని నా అభిప్రాయం. దొంగచాటుగా పెట్టిన తాళాన్ని పదో తరగతివాడు సాయంత్రానికి తీసేస్తాడు.

ఒక యాప్ పెట్టే ముందు అది ఏమేమి అనుమతులు అడుగుతోందో చూడటం నేర్పాలి. టార్చిలైటుకు మన కాంటాక్టులతో ఏం పని? 2020 నవంబరులో మదర్‌బోర్డ్ అనే అమెరికన్ వార్తా సంస్థ ఒక కథనం ప్రచురించింది. ప్రపంచవ్యాప్తంగా కోట్ల మంది వాడే ముస్లిమ్ ప్రో అనే నమాజు వేళల యాప్ నుంచి, వాడేవారు ఎక్కడ ఉన్నారన్న సమాచారం ఎక్స్‌-మోడ్ అనే కంపెనీకి వెళ్తోందని, ఆ కంపెనీ ఖాతాదారుల్లో అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లు ఉన్నారని అందులో రాశారు. ఆ యాప్ వారు వెంటనే ఆ కంపెనీతో సంబంధం తెంచుకున్నామని ప్రకటించారు. పేరు చూసి నమ్మేయడం చాలదు. నమాజు వేళలకు మన ఊరి పేరు ఎంచుకుంటే సరిపోతుంది, లొకేషన్ అనుమతి ఎప్పుడూ ఇచ్చి ఉంచనక్కరలేదు.

నమాజు యాప్ విషయంలో ఇంకో సర్దుబాటు ఉంది. చాలా యాప్‌లలో లెక్క పద్ధతి ఎంచుకోవాలి. ఫజర్‌కు సూర్యుడు దిగంతానికి 18 డిగ్రీల కింద ఉన్నప్పుడు అని లెక్కించేది కరాచీ పద్ధతి, మన దగ్గర వాడుకలో ఉన్నది అదే. ఉత్తర అమెరికా వారి పద్ధతిలో 15 డిగ్రీలు. విశాఖలో ఈ రెంటికీ తేడా సుమారు పన్నెండు నిమిషాలు. ఆ యాప్‌ను నమ్ముకున్నవారు రంజాన్‌లో సహర్ ముగిసిన తర్వాత కూడా తింటూ ఉంటారన్నమాట. అసర్‌కు హనఫీ, షాఫయీ లెక్కల మధ్య తేడా గంటకు దగ్గరగా ఉంటుంది. యాప్ పెట్టాక మీ మసీదు టైంటేబుల్‌తో ఒకసారి సరిచూసి ఇవ్వండి. ఖిబ్లా మన ఊరి నుంచి పడమరకు 12 డిగ్రీల మేర ఉత్తరంగా ఉంటుంది. ఫోన్ దిక్సూచి వేరేగా చూపిస్తే ఇనుప బీరువా పక్కన నిలబడ్డారేమో, ఫోన్ కవరులో అయస్కాంతం ఉందేమో చూడండి. ఉక్కు నగరంలో ఇనుముకు కరువా!

ఇక అసలు భయం మోసగాళ్లది. పెళ్లి శుభలేఖ, ట్రాఫిక్ చలానా, బ్యాంకు కేవైసీ పేరుతో వాట్సాప్‌లో ఫైలు వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటుంది. దాన్ని నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్‌కు వచ్చే మెసేజ్‌లు, ఓటీపీలు వాళ్లకు చేరిపోతాయి. సెట్టింగ్స్‌లో 'ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్' కింద వాట్సాప్, క్రోమ్, ఫైల్ మేనేజర్ అన్నింటికీ అనుమతి తీసేయండి. ప్లే స్టోర్ తప్ప వేరే దారి ఉండకూడదు. ఎనీడెస్క్ వంటి స్క్రీన్ చూపించే యాప్‌ల గురించి రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. అప్పు ఇస్తామనే యాప్‌లు కాంటాక్టులు, ఫోటోలు చూడకూడదని 2023 మే 31 నుంచి గూగుల్ నియమం అమల్లో ఉంది. ఇప్పటికీ ఏ అప్పు యాప్ అయినా వాటిని అడిగితే అక్కడే తీసేయాలి. మన వితంతు పింఛన్ల అక్కచెల్లెళ్లకు ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పండి: డబ్బు రావడానికి పిన్ కొట్టనక్కరలేదు, పిన్ అడిగారంటే డబ్బు పోతున్నట్టే. పోతే వెంటనే 1930కు ఫోన్ చేయాలి. మొదటి గంటలో చేస్తే డబ్బు దారిలోనే ఆగే అవకాశం ఎక్కువ.

ఈ సర్దుబాటుకు ఒక్కో ఫోన్‌కు గంటన్నర పడుతుంది. మన దాతల పిల్లల్లో ఇంజనీరింగ్ చదివేవారు చాలామంది ఉన్నారు. పంపిణీకి ముందు ఆదివారం కొందరు కలిసి కూర్చుంటే ఇరవై ఫోన్లు సాయంత్రానికల్లా అయిపోతాయి. ఫోన్ కొనలేని దాత ఏడాది రీచార్జి భరించవచ్చు, అది కూడా తక్కువ సాయం కాదు. డేటా అయిపోయిన మూడో నెల నుంచి బీరువాలో పడి ఉండే ఫోన్లు ఎన్నో.

ప్రతి పెట్టెలోనూ తెలుగులో ఒక చీటీ పెట్టండి. ఐఎంఈఐ నంబరు, 1930, సందేహం వస్తే అడగడానికి సొసైటీలో ఒకరి నంబరు, ఏ యాప్ దేనికో ఒక్కో వరుస చొప్పున అందులో ఉండాలి. పిన్ మాత్రం ఆ చీటీ మీద రాయకూడదు. ఫోన్ తీసుకున్నవారు దాన్ని మన ముందు కాకుండా పక్కకు వెళ్లి తామే పెట్టుకోవాలి.