మనం ఏ కాలంలో ఉన్నాం?

పిల్లలూ! గడియారంలో గంటలన్నీ సమానమే. భూమి కాలాన్ని మాత్రం శాస్త్రజ్ఞులు చాలావరకు రాతిపొరల్లో పెద్ద మార్పు కనిపించిన చోట విభజిస్తారు. అందుకు ప్రపంచమంతా ఒప్పుకునే సాక్ష్యం కావాలి.

మనం హోలోసీన్ కాలంలోని మూడో భాగంలో ఉన్నాం. దాని పేరు మేఘాలయన్. సుమారు 4,200 సంవత్సరాల క్రితం చాలా ప్రాంతాల్లో కరువు వచ్చింది. మేఘాలయలోని మామ్లూ గుహలో, నీటిచుక్కలతో పొరలు పొరలుగా పెరిగిన రాతిలో, వానలు తగ్గిన గుర్తు నిలిచిపోయింది. 2018లో ఆ రాతినే సరిహద్దుగా గుర్తించారు.

మనిషి భూమిని ఎంతో మార్చాడు కనుక హోలోసీన్ ముగిసిందని, 'ఆంత్రోపొసీన్' మొదలైందని ప్రకటించాలని కొందరు శాస్త్రజ్ఞులు కోరారు. 2024లో ఓటింగులో అది వీగిపోయింది. పేరు రాకపోయినా మనం పారేసే ప్లాస్టిక్ మట్టిపొరల్లో చేరుతూనే ఉంది. రేపటి రాళ్ళు మన గురించి ఏం సాక్ష్యం చెప్పాలో మనమే ఆలోచించుకుందాం.