టీవీలో పడవ పందెం: వేగం ఎక్కడికి పోతుంది?



2018 నవంబరు 16 నుంచి 18 వరకు విజయవాడ దగ్గర కృష్ణానదిలో ఫార్ములా వన్ పవర్ బోట్ పందేలు జరిగాయి. ఇక్కడ బళ్లారిలో మేము టీవీ వార్తల్లోనే చూశాం. నా దగ్గర ట్యూషన్ చదివే అబ్బాయి ఒకడు "ఇంతేనా సార్, మన టౌన్ బస్సు కూడా ఇలాగే పోతుంది కదా" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు గాని, వాడి కన్ను అబద్ధం చెప్పలేదు. ఎందుకో లెక్క వేసి చూద్దాం. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ఈ పడవ పొడవు సుమారు 6 మీటర్లు, బరువు చిన్న కారు కన్నా తక్కువ, ఇంజను శక్తి సుమారు 400 హార్స్ పవర్. బ్రేకులు, గేర్లు ఉండవు. వేగం గంటకు 200 కి.మీ. దాటుతుంది. లెక్కకు వీలుగా 216 కి.మీ. అనుకుందాం. అంటే సెకనుకు 60 మీటర్లు.

కన్ను కొలిచేది కోణీయ వేగాన్ని. బడిలో మీరు యాంగ్యులర్ వెలాసిటీ అని చదివేది అదే. వస్తువు మన ఎదురుగా అడ్డంగా పోతున్నప్పుడు దాని వేగాన్ని దూరంతో భాగిస్తే చాలు. కెమెరా 600 మీటర్ల దూరంలో ఉంటే 60/600, అంటే సెకనుకు 0.1 రేడియన్, సుమారు 6 డిగ్రీలు. గంటకు 36 కి.మీ. వేగంతో పోయే బస్సును 100 మీటర్ల దూరం నుంచి చూడండి. 10/100, అదే 0.1! అదే పడవ 30 మీటర్ల దూరంలో పోతే సెకనుకు 2 రేడియన్లు, దాదాపు 115 డిగ్రీలు. మెడ తిప్పేలోగా దాటిపోతుంది. పైగా నీటి మీద చెట్లూ స్తంభాలూ ఉండవు, పోల్చుకోవడానికి కంటికి ఆధారం దొరకదు. అందుకే పడవలోనే, నీటికి దగ్గరగా బిగించిన కెమెరా దృశ్యం రాగానే మన గుండె ఝల్లుమంటుంది. పడవ వేగం మారలేదు, దూరం తగ్గిందంతే.

టీవీలో చూపినా చాలామంది గమనించనిది మరొకటి ఉంది. పడవకు అడుగున రెండు పక్కల రెండు చట్రాలు, మధ్యలో సొరంగం లాంటి ఖాళీ ఉంటాయి. అందులోకి దూసుకొచ్చే గాలి పడవను పైకి లేపుతుంది. నీటిని తాకే భాగం తగ్గితే నిరోధం తగ్గి వేగం పెరుగుతుంది. కాని ఈ ఎత్తే బలం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 100 కి.మీ. నుంచి 200కు పోతే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. చిన్న అలకు ముక్కు కాస్త లేచిందా, అడుగుకు మరింత గాలి తగులుతుంది, ముక్కు మరింత లేస్తుంది, పడవ వెనక్కి పల్టీ కొడుతుంది. డ్రైవరు బటన్లతో ఇంజను వాలును క్షణక్షణం సవరించుకుంటూ ఆ అంచు మీదనే నడుపుతాడు. ఈసారి చూసినప్పుడు రంగులూ నీటి తుంపరలూ వదిలేసి పడవ ముక్కును చూడండి.

మలుపు సంగతి. సెకనుకు 40 మీటర్ల వేగంతో 40 మీటర్ల వ్యాసార్థంలో తిరిగితే త్వరణం 1600/40, అంటే 40. గురుత్వ త్వరణానికి నాలుగు రెట్లు. 60 కిలోల మనిషిని 240 కిలోల బరువు పక్కకు నొక్కుతున్నట్టు ఉంటుంది.

ఈ ప్రపంచ పోటీలు 1981లో మొదలయ్యాయి. అప్పట్లో డ్రైవరు కూర్చునే చోటు పైన తెరిచే ఉండేది. 1984లో ప్రమాదాల్లో డ్రైవర్లు చనిపోయారు. ఆ తరువాత క్రిస్ హాడ్జెస్ అనే బ్రిటిష్ నిర్మాత, పడవ ముక్కలైనా చెదరని గట్టి గూడు తయారుచేశాడు. డ్రైవరును అందులో బెల్టులతో బిగిస్తారు. పడవ బోల్తాపడితే నీటిలోంచి బయటపడగలడో లేదో ముందే పరీక్ష పెడతారు. పందెంలో దిగేవారికి ఇదీ ఒక పరీక్షే, మార్కులు మాత్రం ఉండవు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇది చదివి పిల్లవాడు బైకు కొనమంటే నన్ను తిట్టుకోకండి, ముందు ఈ లెక్క చేయించండి: గంటకు 180 కి.మీ. వేగంతో పోయే పడవను 300 మీటర్ల దూరం నుంచి వెంబడించే కెమెరా, ఎదురుగా దాటే క్షణాన, సెకనుకు ఎన్ని డిగ్రీలు తిరగాలి?